రెండో కోత

ఎర్రగుంటపాలెంలో పరుపు కుట్టించుకోవాలన్నా, లేచినవాళ్లని తిరిగి పడుకోబెట్టాలన్నా జైతున్‌బీ ఇంటికే వెళ్లాలి. రెండూ దూదేకుల ఇంటి పనులే. మొదటిది పొట్టకూటికి. రెండోదానికి ఎవరూ కూలి ఇవ్వరు, ఇచ్చినా ఆ ఇంట్లో పుచ్చుకోరు.

ఊరు పిడుగురాళ్లకి దగ్గర్లో, కాల్వ పక్కన ఉంటుంది. ఎటు చూసినా మిరప, పత్తి. అక్కడ మంచాన పడి పోయినవాళ్లు అందరిలాగే పోతారు. చేతిలో పని సగంలో ఉండగా పోయినవాళ్లు మాత్రం ఒక్కసారి లేస్తారు. తాతల నాటి నుంచీ అంతే. అందుకని అలాంటి మనిషిని ఏ కులంవాళ్లయినా కాల్చరు, పూడుస్తారు. పూడ్చి, పైమట్టి తొక్కకుండా వదిలేస్తారు, లేచేవాళ్లకి బరువు కాకూడదని.

ఏ రోజున లేస్తారన్నది ఎవరికీ తెలియదు. లేచే వేళ మాత్రం తెలుసు. మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ మనిషి కాళ్ల కిందికి చేరినప్పుడు మట్టి నెర్రెలు విచ్చుతుంది. లేచిన మనిషి తిన్నగా పని దగ్గరికి నడుస్తాడు. ఎవరినీ ఏమీ అనడు, ఎవరి వంకా చూడడు. మిగిలిన పని పూర్తిచేసి నిలబడతాడు. పొద్దు గూకేలోగా అతన్ని తీసుకెళ్లి పడుకోబెడితే ఇంక మళ్లీ లేవడు. పొద్దు గూకేసరికి బయటే ఉంటే మాత్రం ఉన్నచోటే రాయైపోతాడు. పేరు పెట్టి పిలిచినా అంతే. కాల్వ మలుపు దగ్గర తలగుడ్డ చుట్టుకున్న మనిషిలాంటి రాయి ఒకటుంది. వాడొక గొర్రెల కాపరి అనీ, లేచి మందని తోలుకొస్తుంటే పెళ్లాం ఆపుకోలేక పేరు పెట్టి పిలిచిందనీ చెప్తారు. ఆ రాయి పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ ఎవరూ ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు.

జైతున్‌బీ తండ్రి మొహిద్దీన్ బాషా. దూదేకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. మనిషి నిలువుకి మించిన విల్లు అది. నరం తాడు మీద చెక్కగుండుతో కొడితే టంగుమని మోగి, కింద కుప్పపోసిన పాత దూది మంచులా లేచేది. జైతున్‌బీ చిన్నప్పుడు ఆ చప్పుడుకి నిద్రలేచేది, ఆ చప్పుడుకే నిద్రపోయేది.

లేచినవాళ్లని ఆమె మొదటిసారి చూసింది పదేళ్ల వయసులో. బుల్లయ్య అనే రైతు మిరపకి నీళ్లు కడుతూ, పార చేతిలో ఉండగానే గుండె ఆగి పడిపోయాడు. పూడ్చిన తర్వాత ఒక మధ్యాహ్నం లేచాడు. కబురు రాగానే తండ్రి విల్లు తీశాడు. ఆ పిల్ల తండ్రి వెంట పరిగెత్తింది, ఎవరూ వద్దనలేదు.

బుల్లయ్య చేలో ఉన్నాడు. ఒంటి నిండా మట్టి. పార పట్టుకుని బోదె తర్వాత బోదె తెంపుతూ ప్రతి మొక్క మొదటికీ నీళ్లు మళ్లిస్తున్నాడు. బతికున్నప్పుడు ఎట్లా చేసేవాడో అట్లాగే, తొందర లేకుండా. నీళ్లు అతని పాదాల మీదుగా పారుతున్నా మట్టి కలవలేదు, అద్దంలా తేటగా వెళ్లాయి. పొద్దు వాలేకొద్దీ గట్టు మీద నిలబడ్డ జనం నీడలన్నీ సాగాయి. బుల్లయ్య నీడ మాత్రం కాళ్ల కింద నుంచి కదల్లేదు. జైతున్‌బీకి భయం వేయలేదు. ఏదో పెద్దదాని ముందు నిలబడ్డానని ఆ వయసుకే తెలిసిపోయింది.

పని అయ్యాక బుల్లయ్య పార గట్టున ఆనించి నిలబడ్డాడు. తండ్రి "బిస్మిల్లా" అని విల్లు ఎత్తి ఒక్కటి మోగించాడు. బుల్లయ్య అటు తిరిగాడు. తండ్రి మోగిస్తూ ముందు నడిచాడు, అతను వెనక నడిచాడు.

ఆ సాయంత్రం ఇంటికొస్తూ తండ్రిని అడిగింది.

"నాయనా, మన మాట వాళ్లకి వినపడదా?"

"వినపడదమ్మా. పోయినప్పుడు చెవుల్లో దూది పెడతారుగా. దూది పెట్టాక ఇంక ఏ చప్పుడూ లోపలికి పోదు, దూదేకే చప్పుడు తప్ప."

"మరి పేరు పెట్టి పిలిస్తే ఆగిపోతారంట?"

"పేరు చెవిలోంచి పోయేది కాదు. అది మనిషి లోపలే ఉండిద్ది. పిలిస్తే లోపల నుంచి పట్టుకుంటది. ఇంక వాళ్లు ఇటూ రాలేరు, అటూ పోలేరు."

మొహిద్దీన్ బాషాకి చేతులు వణకడం మొదలయ్యేనాటికి కొడుకు అన్వర్ చీరాల మరమగ్గాల్లో కుదిరిపోయాడు. విల్లు ఎవరి చేతికి ఇవ్వాలన్న మాట వచ్చింది. ఆయన కూతుర్ని పిలిచి ఇచ్చాడు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు గొణిగారు. "ఆడకూతురు శవాల ముందు నడవటమేందయ్యా?" అన్నారు. జైతున్‌బీ ఈడుదే, రైతుబిడ్డ సుబ్బరావమ్మ, నీళ్లబిందె చంకన పెట్టుకుని అటుగా పోతూ ఆగింది.

"లేచినోళ్లకి మగేందో ఆడేందో పట్టదు. మీకే పట్టింది" అని నలుగురూ వినేట్టు అనేసి తన దారిన తను పోయింది. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పెళ్లయింది. భర్త ఆదాం నల్లపాడు వాడు, స్టేషన్ దగ్గర ఆటో తోలేవాడు. అత్తగారి ఊరికి వచ్చేసి ఇక్కడే ఆటో పెట్టుకున్నాడు. గోడకి వేలాడే విల్లు సంగతి తెలిశాక కొన్నాళ్లు మంచం ఆ గోడకి దూరంగా జరుపుకుని పడుకున్నాడు. కూతురు నజ్మీన్ పుట్టింది, పెరిగింది, అత్తవారింటికి వెళ్లింది. ఈలోగా ఫోమ్ పరుపులొచ్చాయి. దూది పరుపు కుట్టించేవాళ్లు ఏడాదికి ఏ ఒకరిద్దరో. జైతున్‌బీ మిరప కోతల్లోకి కూలికి దిగింది.

కోతల ముఠాకి పెద్ద కోటేశ్వరి. బొద్దుగా, గట్టి గొంతుతో, అందరికీ అక్క. ముఠాలో చిన్నది జయకుమారి, కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల. దాని మొగుడు కోటేష్ పిడుగురాళ్లలో సున్నం బట్టీకి పనికి పోయేవాడు. పొద్దున ట్రాక్టరెక్కడం, మధ్యాహ్నం గట్టు మీద గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పడం, ఒకరి కూర ఒకరి చేతిలో పెట్టడం, సాయంత్రం కళ్లు మండుతూ ఇంటికి చేరడం. జైతున్‌బీ జీవితంలో ఎక్కువ నవ్వింది ఆ గట్ల మీదే.

అది మాఘమాసం. పేరయ్య అనే రైతు చేలో రెండో కోత నడుస్తోంది, సగం చేను మిగిలింది. ఆ పొద్దున జైతున్‌బీకి జ్వరం తగిలి దుప్పటి కప్పుకుని పడుకుంది. వీధి చివర ట్రాక్టర్ హారన్ మోగింది. కోటేశ్వరి గుమ్మం దాకా వచ్చింది.

"ఏంది జైతూనా, లేవలా?"

"జొరం అక్కా."

"సరే, పడుకో. నీ సాలు నేను కోస్తాలే."

కాల్వ మలుపులో ట్రాక్టర్ తొట్టి తిరగబడింది. కొందరు దెబ్బలతో బయటపడ్డారు. ఏడుగురు పోయారు. వాళ్లలో కోటేశ్వరి ఉంది, జయకుమారి ఉంది. జైతున్‌బీకి జ్వరం ఎప్పుడు తగ్గిందో కూడా తెలియలేదు. ఆసుపత్రి నుంచి గుడ్డల్లో చుట్టి తెచ్చిన ఏడుగురి పక్కనా కూర్చుని, తను ఏకిన దూదిని చిన్న చిన్న ఉండలు చేసి ఒక్కొక్కరి చెవుల్లో తన చేత్తోనే పెట్టింది. ఊరి బయట ఒకే వరసలో పూడ్చారు. పైమట్టి ఎవరూ తొక్కలేదు.

చేతిలో పని ఉండగా పోయారా, దారిలో పోయారా అని కొందరు సందేహపడ్డారు. సుబ్బరావమ్మ ఒప్పుకోలేదు. "ట్రాక్టరెక్కినాక పనిలో ఉన్నట్టే" అంది. పేరయ్యా అదే నమ్మాడు. చేలో మిగిలిన కాయ పండి, ఎర్రబారి, కొమ్మకే ఎండుతోంది. వేరే ఊరి కూలీలని తెచ్చుకోమని పక్క రైతులు చెప్పారు.

"అది వాళ్ల చేను. వాళ్లొచ్చి పోయిందాకా కాయ ముట్టను" అన్నాడు పేరయ్య. ఆ మాట మీదే ఉన్నాడు.

జైతున్‌బీకి మాత్రం నిద్ర పట్టలేదు. ఆమె అంతకు ముందు విల్లు పట్టుకుని నడిపించిన వాళ్లందరూ ఒక్కొక్కరే. ఒకేసారి ఏడుగుర్ని నడిపించిన మాట తండ్రి నోటా వినలేదు. విల్లు దించి, పాత నరం తీసేసి కొత్తది బిగించి, రోజూ మధ్యాహ్నం ఆ వరస దగ్గర తుమ్మచెట్టు కింద కూర్చునేది. ఆదాం ఆటో కట్టేసి అన్నం తెచ్చి పక్కన పెట్టేవాడు.

ఆ మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. తుమ్మచెట్టు మీద కాకులు నోరు మూసుకున్నాయి. జైతున్‌బీ తన నీడ కోసం చూసుకుంది. కాళ్ల కింద ఉంది. తల ఎత్తేసరికి వరస మొత్తం, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, మట్టి సన్నగా నెర్రె విచ్చింది. వేరుశనగ పీకేముందు నేల ఉబికినట్టు ఉబికింది. మొదట చేతులు వచ్చాయి. తర్వాత భుజాలు. చప్పుడు లేదు, తొందర లేదు. ఒకరు లేచి పక్కవాళ్లకి చెయ్యి అందించారు. ఏడుగురూ నిలబడ్డారు. నిలబడి, పనికి బయల్దేరే ముందు ఆడవాళ్లు ఎట్లా దులుపుకుంటారో అట్లా చీరలు దులుపుకున్నారు. మట్టి రాలింది. కుచ్చెళ్లు ఎగదోపి, కొంగు తీసి నడుముకి ఒడి కట్టుకున్నారు. కోటేశ్వరి ముందు, మిగతావాళ్లు వెనక. డొంకదారి పట్టారు.

జైతున్‌బీ విల్లు భుజాన వేసుకుని వాళ్ల వెనక బయల్దేరింది. ఆదాం చేతిలో క్యారేజీ జారి పడింది. అది కూడా చప్పుడు చేసినట్టు అనిపించలేదు.

వాళ్లు ఊరి పక్క నుంచి వెళ్తుంటే జనం డొంకకి రెండు వైపులా నిలబడ్డారు. చెప్పులు విప్పారు. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. ఆ ఏడుగురి తల్లులూ, బిడ్డలూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఎక్కడ పేరు బయటికి వస్తుందోనని. కాలేజీ పిల్లలు ఫోన్లు ఎత్తారు, ఎత్తినవాళ్లు ఎత్తినట్టే దించేశారు. ఫోన్లో డొంక ఖాళీగా ఉంది. దుమ్ములో పాదాల గుర్తులు మాత్రం ఒకటొకటిగా పడుతున్నాయి.

పేరయ్య గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏడుగురూ అతన్ని దాటి చేలో దిగి, ఆగిన చోటు నుంచే సాళ్లు పట్టారు. కోయడం మొదలుపెట్టారు. పండుకాయ ఎర్రన, ఆకు పచ్చన, మధ్యలో ఆ మట్టిచేతులు. కాయ తెగుతున్న చిటుకు చిటుకు చప్పుడు తప్ప ఇంకేం లేదు. వందమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

కోటేశ్వరి తన సాలు చివరిదాకా కోసింది. ఒడి గోతంలో వంచింది. అక్కడితో ఆగలేదు. పక్కన ఎవరూ పట్టని సాలు ఒకటి ఉంటే అందులోకి దిగింది. అది జైతున్‌బీ సాలు.

జైతున్‌బీ గట్టు మీద కూలబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. సుబ్బరావమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆ సాలు ఎవరిదో ఆమెకీ తెలుసు.

అంతలో కోటేష్ వచ్చాడు. సున్నం బట్టీ నుంచి ఎవరి బండో ఎక్కి వచ్చినట్టున్నాడు, తల నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్నాడు. జనాన్ని తోసుకుని గట్టు మీదికి దూకాడు. జయకుమారి అతనికి దగ్గర్లోనే, తల వంచుకుని కోస్తోంది. అతని నోరు తెరుచుకుంది.

జైతున్‌బీ లేచి అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఒరేయ్, పిలవమాక. పిలిచావంటే ఇక్కడే రాయైపోయిద్ది. రోజూ వచ్చి ఆ రాయిని చూసుకుంటావా?"

కోటేష్ ఆమె చెయ్యి పట్టుకుని ఊగిపోయాడు. "ఒక్కసారి పిన్నీ. ఒక్కసారి ఇటు చూస్తే చాలు నాకు" అన్నాడు. ఆ మాట ఆమె వేళ్ల సందుల్లోంచి వచ్చింది.

"అది చూడదు నాయనా. నువ్వు చూడు. కళ్లారా చూసుకో. అది ఎవరూ వద్దనరు."

అతను మోకాళ్ల మీద కూలబడి చూడటం మొదలుపెట్టాడు.

ఉన్నట్టుండి కోటేశ్వరి నడుం పట్టుకుని లేచి నిలబడింది. మిగతా ఆరుగురూ లేచారు. పని అయిపోలేదు, ఇంకా చాలా చేను ఉంది. అయినా ఏడుగురూ సాళ్లు దాటుకుంటూ గట్టు మీదికి వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. ఖాళీ చేతులు ముందుకి చాచారు.

జనానికి అర్థం కాలేదు. పేరయ్య కంగారుగా జైతున్‌బీ వైపు చూశాడు. ఆమెకీ ఒక్క క్షణం తెలియలేదు. లేచినవాళ్లు పని మధ్యలో ఆగడం ఎన్నడూ లేదు. తర్వాత ఆ గుండ్రంలో మధ్య ఖాళీ, ఆ చాచిన అరచేతులు చూసి ఆమెకి తట్టింది.

"అన్నం వేళ" అంది. "కూడు తినటానికి కూర్చున్నారు."

ఊళ్లోకి పరిగెత్తినవాళ్లు పరిగెత్తారు. ఎవరింట్లో ఏం వండి ఉంటే అది తెచ్చారు. జైతున్‌బీ వెళ్లి ఆ గుండ్రంలో తను రోజూ కూర్చునే చోట కూర్చుంది. మోకాలు కోటేశ్వరి మోకాలికి తగిలింది. చల్లగా ఉంటుందనుకుంది, లేదు, ఎండకి కాగిన మట్టిలా వెచ్చగా ఉంది. ఆమెని చూసి సుబ్బరావమ్మ వచ్చి కూర్చుంది. ట్రాక్టర్లోంచి బయటపడినవాళ్లు, కట్లు కట్టించుకున్న చేతులతో వచ్చి కూర్చున్నారు. జైతున్‌బీ ఒక ముద్ద కలిపి కోటేశ్వరి అరచేతిలో పెట్టింది. కోటేష్ దోసకాయ పచ్చడి ముద్ద జయకుమారి చేతిలో పెట్టాడు.

వాళ్లు తినలేదు. ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల ఎదుట బతికున్నవాళ్లు తిన్నారు. మింగుడుపడని అన్నం, అయినా తిన్నారు. తినకపోతే మర్యాద కాదనిపించింది. చేలో గాలి లేదు. జైతున్‌బీ ఆ గుండ్రం అంతా ఒకసారి చూసింది. ఎవరు పోయినవాళ్లో ఎవరు ఉన్నవాళ్లో నీడలు చూస్తే తప్ప తెలియడం లేదు. కొందరి నీడలు తూర్పుకి సాగుతున్నాయి, కొందరివి ఒంటి కిందే ఉన్నాయి. ఇంత పెద్ద సంగతి తన ఊరి గట్టు మీద, ఇంత మామూలుగా జరుగుతోందేంటనుకుంది.

కాసేపటికి ఏడుగురూ ముద్దలు గట్టు మీద మెల్లగా దించి, లేచి మళ్లీ సాళ్లలోకి వెళ్లారు.

అప్పుడు జైతున్‌బీ పొద్దు వంక చూసింది, చేను వంక చూసింది. ఏడుగురు కోసే చేను కాదది. పొద్దు గూకేలోగా అవదు. అవకముందే విల్లు మోగిస్తే వాళ్లు రారు. ఏడు రాళ్లు చేలో నిలబడిపోతాయి.

"పేరయ్యన్నా, ఇది తెమిలేది కాదు" అంది. "మనం కూడా దిగాలి."

ఎవరూ కదల్లేదు. చూడటం వేరు, ఆ సాళ్లలోకి దిగి పక్కన నిలబడి కోయడం వేరు. అట్లా ఎవరైనా చేసినట్టు విననూ లేదు. తగిలితే ఏమవుతుందోనని ఒకరు, మన పని వాళ్లకి లెక్కకి వస్తుందో రాదోనని ఒకరు.

సుబ్బరావమ్మ కొంగు బిగించింది. "ముఠా పనంటే ముఠా పనే. మనం కోస్తే లెక్కకి రాదని ఎవరు చెప్పారు మీకు? దిగండి!" అని అరిచి సాల్లోకి దిగింది. ఆమె వెనక కట్లు కట్టిన చేతులవాళ్లు దిగారు. తర్వాత ఊళ్లో ఆడవాళ్లు. తర్వాత, మిరప కోత ఏనాడూ ముట్టని మగవాళ్లు కూడా. కోటేష్ జయకుమారి పక్క సాలు పట్టాడు. కోయడం రాదతనికి, ఆకూ కాయా కలిపి లాగుతున్నాడు. అయినా ఆ పిల్లతో పాటే ముందుకి జరిగాడు, చివరిదాకా ఆమె పక్కనే ఉన్నాడు.

చేను ఎర్రదనం తగ్గుతూ పచ్చబడుతూ వచ్చింది. గోతాలు నిండాయి. పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ ఒకే గోతంలో ఒడులు వంచారు. పొద్దు తాటిచెట్ల మీదికి దిగేసరికి ఆఖరి సాలు ఆఖరి మొక్క మిగిలింది. అది కోటేశ్వరి కోసింది. ఏడుగురూ ఒడులు దులుపుకుని, ఉన్నచోటే నిలబడిపోయారు.

జైతున్‌బీ "బిస్మిల్లా" అంది. విల్లు ఎత్తి గుండుతో ఒక్కటి కొట్టింది.

టంగుమంది. ఏడు తలలు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

ఆమె ముందు నడిచింది. వెనక్కి చూడకూడదు. తండ్రి గట్టిగా చెప్పిన మాట అది. కొడుతూ నడిచింది, నడుస్తూ కొట్టింది. చేతులు లాగేస్తున్నా ఆపలేదు. వెనక పద్నాలుగు పాదాలు ఒకే లయలో దుమ్ములో పడుతున్నాయి. వాళ్ల వెనక ఊరు ఊరంతా వస్తోంది, వాళ్ల పాదాలూ అదే లయలో పడుతున్నాయి. ఒక్క పసిపిల్లా ఏడవలేదు. దూరంగా చేలల్లో పని చేసుకుంటున్నవాళ్లు కూడా నడుం ఎత్తి నిలబడ్డారు. పడమర అంతా కల్లంలో ఆరబోసిన మిరపకాయలా ఎర్రగా ఉంది.

వరస దగ్గరికి వచ్చేసరికి పొద్దు అంచు మాత్రమే మిగిలింది. ఎవరి గుంటలోకి వాళ్లు, వెతుక్కోకుండా, దిగి పడుకున్నారు. కోటేశ్వరి ఆఖర్న పడుకుంది. జైతున్‌బీ చివరి దెబ్బ కొట్టి విల్లు దించింది. ఆ మోత కాల్వ అవతలి దాకా వెళ్లి ఆగిపోయింది.

అప్పుడు మట్టి కప్పారు. ఈసారి తొక్కారు. ఇంటివాళ్లందరూ వట్టికాళ్లతో గట్టిగా తొక్కారు. కోటేష్ తొక్కుతూ తొక్కుతూ, ఇంక రాయి కాదని తెలిశాక, ఆ పేరు గట్టిగా పిలిచాడు. ఒక్కసారి కాదు, గొంతు పోయేదాకా పిలిచాడు. జైతున్‌బీ ఆపలేదు.

ఆ కాయ పేరయ్య కల్లంలో ఎండింది. ఎవరు కోసింది ఏదో ఎవరూ చెప్పలేరు. మిర్చి యార్డుకి తోలడానికి అతనికి మనసు రాలేదు. ఏడు ఇళ్లకీ, చేలో దిగిన ఇళ్లన్నింటికీ పంచాడు. జైతున్‌బీ తన వాటా దంచి కారం కొట్టి జాడీకి ఎత్తింది. వాడాలంటే చెయ్యి రాలేదు కొన్నాళ్లు. ఒకరోజు ఆదాం అడక్కుండానే జాడీ దించి అన్నంలో కలుపుకుని, నూనె పోసుకుని తిన్నాడు. కళ్లనీళ్లు కారాయి. "మామూలు కారమేనే, ఘాటుగా ఉంది" అన్నాడు. ఆమె కూడా కలుపుకుంది.

మూడో కోతకి ముఠా మళ్లీ కట్టారు. ముఠాకి ఇప్పుడు సుబ్బరావమ్మ పెద్ద. ట్రాక్టర్ ఎక్కమంటే అందరూ వద్దన్నారు, నడిచే వెళ్లారు. మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీలు విప్పారు. గుండ్రం చిన్నదైపోయింది. అయినా ఎవరూ దగ్గరికి జరగలేదు, ఖాళీలు ఖాళీలుగానే ఉంచి కూర్చున్నారు.

ముఠాలో కొత్తగా చేరిన సిద్దికా ఉండబట్టలేక అడిగింది.

"అత్తా, వెనకాల వాళ్లు వస్తుంటే ముందు నడవటం ఎట్టా ఉండిద్ది? భయమెయ్యదా?"

జైతున్‌బీ నోట్లో ముద్ద నమిలి మింగింది.

"చూడకూడదుగా. ఈపు మీద తెలుస్తా ఉండిద్ది" అంది. "నేను ఎందర్నో నడిపించా. ఒక్కళ్లు వస్తుంటే ఒక దీపం వెనక పెట్టుకుని నడుస్తున్నట్టు ఉండేది. ఆ రోజు మాత్రం..."

చేత్తో చేనంతా చూపించింది, ఆకాశం చూపించింది.

"ఆ రోజు ఎండంతా నా వెనకాలే వస్తందనిపించిందే" అంది చివరికి.

సుబ్బరావమ్మ క్యారేజీ మూత పెట్టి లేచింది. అందరూ చేతులు కడుక్కుని, ఒడులు కట్టుకుని సాళ్లలోకి దిగారు.